ఇంగ్లీషు చదువు — ఉపాధ్యాయుల తరిఫీదు

జంగారెడ్డిగూడెము మెట్టసీమ కంతటికి సంతయూరు వంటిది. పొగాకు వేలమునకు వచ్చు రైతులు, పామాయిలు గెలలు తోలుకొని వచ్చువారు, బుట్టాయగూడెము, జీలుగుమిల్లి, పోలవరముల వైపునుండి దిగివచ్చు కోయలు, కొండరెడ్లు అందఱును ఈ యూరి వీథులలోనే కలిసికొందురు. వారి బిడ్డలును చదువుకొఱకై యిటకే వచ్చుచున్నారు. పదవ తరగతి పరీక్షకు కూర్చుండునాటికి ఇంగ్లీషు వాచకము వారి యెదుట ఏండ్లతరబడి తెఱచియే యున్నది. అయినను తమ యూరి చెఱువును గూర్చియో, తమ తండ్రి సేద్యమును గూర్చియో నాలుగు వాక్యములు సొంతముగా కూర్చి వ్రాయుమన్నచో కలము కదలనివారే పెక్కుమంది. వ్యాసము కంఠస్థము, ఉత్తరము కంఠస్థము, ప్రశ్నకు జవాబు గైడులోనిది. పరీక్ష జరుగును, మార్కులు వచ్చును, భాష రాదు. ఇది బిడ్డల దోషము కాదు. ఉపాధ్యాయుల దనుటకును మాకు మనసొప్పదు. ఈ పని చేయవలసిన తీరును వారికి నేర్పినవా రెవరు? ఈ వారము మేము విచారింపదలచినది ఈ యొక్క ప్రశ్ననే.

గడచిన కొన్నియేండ్లుగా మన రాష్ట్రమున ఇంగ్లీషును గూర్చి జరిగిన చర్చ యంతయు మాధ్యమమును గూర్చినదే. 2019 నవంబరు 5వ తేదీన వెలువడిన 81వ నంబరు జీవో, అదే నెల 20వ తేదీన దానిని సవరించిన 85వ నంబరు జీవో ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టుటకు ఉద్దేశింపబడినవి. 2020 ఏప్రిల్ 15వ తేదీన రాష్ట్రోన్నత న్యాయస్థానము రెంటిని కొట్టివేసెను. వ్యవహారము సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయెను. ఒక పక్షమువారు తెలుగు అంతరించుచున్నదని వాపోయిరి. మఱియొక పక్షమువారు బీదల బిడ్డలకు ఇంగ్లీషు దక్కనీయరా యని నిలదీసిరి. రెండు పక్షములలోను సత్యాంశము కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 29వ విభాగము, సాధ్యమైనంతవఱకు బోధన బిడ్డల మాతృభాషలోనే సాగవలెనని చెప్పుచున్నది. 2014లో కర్ణాటక వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము, మాతృభాషను మాధ్యమముగా నిర్బంధించు నధికారము ప్రభుత్వమునకు లేదని తీర్పుచెప్పినది. న్యాయవాదులకు ఈ తగవు తఱుగని పని. కాని యిందు ఎవరు గెలిచినను, రేపు ఉదయము గంట కొట్టగానే మన యూరి యున్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి గదిలోనికి ఒక యుపాధ్యాయుడు ప్రవేశింపవలెను. ఆయన చేత వాచకమున్నది, సుద్దముక్క యున్నది. ఆపైన ఏమి చేయవలయునో ఏ జీవోయు ఆయనకు చెప్పలేదు.

ఒక భాషలో పాఠములు చెప్పుట వేఱు. ఆ భాషనే నేర్పుట వేఱు. ఇంగ్లీషు రాని బిడ్డకు గణితమును ఇంగ్లీషున చెప్పినచో ఇంగ్లీషు రాకపోగా గణితమును పోవును. ఇంగ్లీషు వచ్చిన ప్రతివాడును దానిని నేర్పగలడనుటయు భ్రమయే. మేము ఇంగ్లీషున దావాలు వ్రాయువారమే. అయినను ఒకనాడు పఠనమందిరమున పదిమంది బాలురను కూర్చుండబెట్టుకొని ఒక పుట చెప్పబోయి, అరగంటకే మా యసమర్థతను గ్రహించితిమి. వారు వ్రాసినది తప్పని మాకు తెలిసినది. ఆ తప్పు ఎందులకు పుట్టినదో, దానిని మాన్పుటెట్లో తెలియలేదు. రోగమును చూచినవా డెల్ల వైద్యుడు కాడు గదా!

ఈ సంగతి మన పూర్వులకు తెలియకపోలేదు. మద్రాసున 1856లో వెలసి పిదప సైదాపేటకు మాఱిన ఉపాధ్యాయ శిక్షణ కళాశాల దక్షిణదేశమున ఈ విద్యకు పుట్టినిల్లు. గోదావరి తీరమున రాజమహేంద్రవరమునందు 1894లోనే ప్రభుత్వ శిక్షణ కళాశాల నెలకొన్నది. తరువాత రాష్ట్రపతి పదవి నలంకరించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతటివారును ఉద్యోగారంభమున 1910లో సైదాపేటలో బోధనాశిక్షణ పొందినవారే. పాండిత్యము వేఱు, బోధనము వేఱు అని ఆనాటివారు గుర్తించిరి. పాండిత్య మున్నవారికిని తరిఫీదు కావలెనని శాసించిరి.

అంతకంటెను గొప్ప నిదర్శనము మన గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. కొండలలోని సవరలకు చదువు చెప్పదలచినప్పుడు ఆయన మొట్టమొదట చేసినది, ఒక సవరవాని దగ్గఱ తాను శిష్యుడై ఆ భాష నేర్చుకొనుట. తరువాత సొంతవ్యయముతో వారికి బడులు పెట్టించెను. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. 1906 ప్రాంతమున పాఠశాలల తనిఖీకి వచ్చిన యేట్స్ అను దొర, వాడుకమాటకును పుస్తకభాషకును ఇంత యంతర మేల యని ప్రశ్నించినప్పుడు పంతులుగారి చిత్తమున రగిలిన చర్చయే వ్యావహారిక భాషోద్యమముగా పరిణమించినది. ఈ పత్రిక గ్రాంథికమున వ్రాయబడుచున్నను పంతులుగారి పాఠము మాకు శిరోధార్యమే. భాష నేర్పువాడు నేర్చువాని నోటి మాటను ముందు తెలిసికొనవలెను. వానికి తెలిసిన దానినుండి తెలియని దానికి నడిపింపవలెను. ఇంగ్లీషు నేర్పు విద్యకు మూలసూత్ర మిదియే.

ఈ సూత్రము తరగతిగదిలో ఏ రూపము దాల్చునో పరిశీలింతము. తెలుగు వాక్యమున క్రియ చివర నుండును. ఇంగ్లీషు వాక్యమున కర్త వెనువెంటనే క్రియ వచ్చును. మనము 'బల్ల మీద' అందుము. వారు 'మీద' అనుమాటను ముందుంచి 'ఆన్ ద టేబుల్' అందురు. 'ఎ', 'ద' అను చిన్నమాటలకు తెలుగున సమానమైనవి లేవు. కావున తెలుగుబిడ్డ వానిని విడిచిపెట్టుటయో, తగనిచోట తగిలించుటయో సహజము. 'నాకు ఇద్దఱన్నలు కలరు' అను భావమును మనవాడు 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' అనును. 'నీవు నిన్న బడికి రాలేదా?' అని యడిగిన, రానివాడు తెలుగున 'అవును, రాలేదు' అని యొప్పుకొనును. ఇంగ్లీషున 'నో' అని మొదలిడవలెను. ఇది తెలియని బిడ్డ 'ఎస్' అని యూరకుండును, వినువాడు వచ్చినాడనుకొనును. మన మాటలు చాలవఱకు అచ్చులతో ముగియును గనుక 'బుక్' నోట 'బుక్కు' అగును, 'స్కూల్' 'ఇస్కూలు' అగును. ఇవి మందబుద్ధివలన వచ్చిన తప్పులు కావు. తెలుగుభాష తన పద్ధతి చొప్పున బిడ్డచేత చేయించినవి. ఈ భేదములను ఎఱిగిన యుపాధ్యాయుడు ఏ తప్పు రానున్నదో ముందే కనిపెట్టి, దానికి తగిన అభ్యాసమును సిద్ధము చేసికొనును. ఎఱుగనివాడు ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. బెత్తమునకు బదులు పరిహాసము నుపయోగించును. పరిహాసమునకు గుఱియైన బిడ్డ మరల ఆ భాషలో నోరు తెఱవడు.

లెక్క యొకటి వేసి చూతము. పీరియడు నలుబదియైదు నిమిషములు. తరగతిలో నలుబదియైదుగురు బిడ్డలు. ఉపాధ్యాయుడు ముప్పది నిమిషములు తానే మాటలాడినచో మిగిలినది పదునైదు నిమిషములు. తలకు ఇరువది క్షణములు! ఇరువది క్షణముల మాటతో ఏ భాష వచ్చును? కాని బిడ్డలను ఇద్దఱిద్దఱుగా కూర్చుండబెట్టి, ఒకడు అంగడివాడుగను ఒకడు కొనువాడుగను పది నిమిషములు మాటలాడింపుడు. ఒక్కొక్కనికి అయిదేసి నిమిషములు లభించును. ఆ సమయమున గదిలో సద్దు పుట్టును. పైయధికారి దానిని అల్లరి యనుకొనకుండుటకు ఆయనకును కొంత తరిఫీదు కావలెను. ఎంత పదజాలము కావలెననుటయు నిర్ణయింపరాని సంగతి కాదు. బెంగాలులో బడిపిల్లలతో ప్రయోగములు చేసిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు రెండువేల మాటల పట్టికను ప్రకటించెను. నిత్యము ఎదురగు ఇంగ్లీషులో అధికభాగము ఆ మాటలే. బెంగుళూరున 1979 నుండి కొన్నియేండ్లు యన్. యస్. ప్రభు జరిపిన బోధనాప్రయోగము మఱియొక మెట్టు. బిడ్డ వ్యాకరణమును వల్లెవేయుటకు బదులు ఒక పటమునో, రైళ్ల వేళల పట్టికనో చేతపట్టి చిన్న చిక్కును విప్పుచుండగా భాష యలవడునని ఆ ప్రయోగము బోధించినది. మన దేశపు బీద బడులలో పుట్టిన విద్య యిది. మన యుపాధ్యాయునికి దీనిని చేతిలో పెట్టినవారు లేరు.

ప్రభుత్వములు ఏమియు చేయలేదని చెప్పినచో అసత్యమగును. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లసంస్థ వెలసినది. అదియే నేడు విశ్వవిద్యాలయమై యున్నది. 1963లో బెంగుళూరున దక్షిణ రాష్ట్రముల కొఱకు ప్రాంతీయ సంస్థ యేర్పడినది. 1980 దశకమున హైదరాబాదు సంస్థ జిల్లా కేంద్రముల పథకము నారంభించినది. 2008-09లో సక్సెస్ అను పేర వేలకొలది ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమపు తరగతులు తెఱవబడినవి. 2023 జూన్‌లో అమెరికాలోని ఇ.టి.యస్. సంస్థతో ఒప్పందము చేసికొని టోఫెల్ పరీక్షలను ప్రభుత్వ పాఠశాలలకు తెచ్చిరి. 2024లో ప్రభుత్వము మాఱినపిదప ఆ యేర్పాటు నిలిచిపోయినది. పరీక్ష యనునది తక్కెడ. తక్కెడ తెచ్చి పెట్టినంతమాత్రమున కొట్టులో ధాన్యము పెరుగదు.

ఇక జరిగిన శిక్షణ యైనను ఏ రీతిగ జరిగినది? రాజధానిలో కొందఱికి నేర్పుదురు. వారు జిల్లాలో కొందఱికి నేర్పుదురు. ఆ కొందఱు మండలమున మిగిలినవారికి నేర్పుదురు. 1959 ప్రాంతమున మద్రాసు రాష్ట్రమున వేలకొలది ఉపాధ్యాయులకు ఇంగ్లీషు బోధన నేర్పినప్పటి నుండియు ఈ పద్ధతి మనకు పరిచితమే. గోదావరి డెల్టా రైతునకు దీని లోపమును వివరింప బనిలేదు. ధవళేశ్వరము దగ్గఱ కాలువ తలయందు నిండుగా పాఱిన నీరు శివారు పొలమునకు చేరునప్పటికి ఎంత మిగులునో అతడెఱుగును. మన యూరు ఈ విద్యకు శివారు. హాజరుపట్టీలో సంతకము, ఒక ఫైలు, మధ్యాహ్నపు భోజనము, రెండు ఉపన్యాసములు — అయిదు దినములు గడచును. ఆఱవనాడు ఉపాధ్యాయుడు తన గదికి మరలి వచ్చి, వెనుకటివలెనే పాఠమును చదివి తెలుగున అర్థము చెప్పును. ఆయన క్రొత్తగా నేర్చినదానిని ప్రయత్నించునప్పుడు ప్రక్కన నిలిచి చూచి, 'ఇట్లు కాదు, ఇట్లు' అని చెప్పువాడు లేకపోవుటయే కొఱత. వంట పుస్తకమున చదివినంత మాత్రమున ఎవరికి వచ్చినది?

శిక్షణ కళాశాలల సంగతియు నించుక చెప్పవలెను. 2015 నుండి బీయెడ్ చదువు రెండేండ్లది. కాలము పెరిగినది సరే. బోధనాభ్యాసమునకు బడికి పంపబడిన విద్యార్థి నిజముగా ఎన్ని పాఠములు చెప్పుచున్నాడు? చూచి దిద్దువాడు ఎన్నింటికి ఎదుట కూర్చుండుచున్నాడు? పాఠప్రణాళికలను నకలు వ్రాయించి రికార్డు నింపు ఆచారము ఎల్లరు నెఱిగినదే. మన ప్రాంతమున దూబచర్లలో జిల్లా శిక్షణసంస్థ కలదు గాని, అది ముఖ్యముగ ప్రాథమికోపాధ్యాయుల కొఱకైనది. పైగా 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఆ యూరు తూర్పుగోదావరిలో చేరినది, మనము ఏలూరు జిల్లాలో చేరితిమి. 2025లో మెగా డీయస్సీ పేర 16,347 ఉపాధ్యాయోద్యోగములకు ప్రకటన వెలువడి నియామకములు జరిగినవి. క్రొత్తవారు ఉత్సాహముతో వచ్చియున్నారు. ఆ యుత్సాహము మొదటి రెండేండ్లలోనే మార్గము పట్టవలెను. లేదా మొదటి రెండేండ్లలోనే చల్లారును.

మన సీమకు ప్రత్యేకమైన చిక్కు మఱియొకటి కలదు. ఇంగ్లీషును రెండవ భాష యని గ్రంథములు చెప్పును. పదవ తరగతి పట్టికలో తెలుగు మొదటిది, హిందీ రెండవది, ఇంగ్లీషు మూడవది. కాని కోయబిడ్డకు ఇంటిభాష కోయ. బడిలో మొదటిభాష యని వ్రాయబడిన తెలుగే వానికి రెండవది. ఇంగ్లీషు వాని వంతున నాలుగవది! తెలుగున అర్థము చెప్పి ఇంగ్లీషు నేర్పుచున్నామని ఉపాధ్యాయుడు తృప్తిపడుచుండగా, ఆ బిడ్డ రెండు కొండలు ఒక్కసారి యెక్కుచున్నాడు. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కల్పింపవలెనని చెప్పుచున్నది. 2004 ప్రాంతమున మన రాష్ట్రము కోయ మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో బడిచదువు ప్రారంభించి దేశమునకు మార్గము చూపినది. ఉన్నతపాఠశాలకు వచ్చునప్పటికి ఆ జాడయే లేదు. ఈ ప్రాంతమున ఇంగ్లీషు చెప్పువారికి కోయభాషలో నూఱు మాటలైన నేర్పింపరాదా? సవరకొండలలో నూఱేండ్లకు పూర్వమే ఒక పంతులు చేసిచూపిన పని యిది.

ఇంగ్లీషు చదువున కింత శ్రమయేల యని అడుగువా రుందురు. స్వభాషాభిమానులకు ఆ ప్రశ్న న్యాయమైనదే. మేమును తెలుగుననే ఆలోచింపగోరువారము. కాని మా వృత్తిలో ప్రతిదినము కనబడు దానిని దాచలేము. ఏజెన్సీలో గిరిజనుల భూమిని కాపాడుటకు 1/70 చట్టమున్నది. దాని క్రింద నడచు తగవు మెట్లెక్కి ఉన్నత న్యాయస్థానమునకు చేరినదా, 348వ అధికరణము ననుసరించి వాదము ఇంగ్లీషున, తీర్పు ఇంగ్లీషున. తన పొలము తనకు దక్కినదో దక్కలేదో చెప్పు కాగితమును కోయరైతు చేతబట్టుకొని, చదివి పెట్టుమని పదిమందిని బ్రతిమాలుచుండుటను చూచితిమి. అతని కుమారుడు ఉన్నతపాఠశాలలో పదవ తరగతి ప్యాసైనవాడు. ఆ కాగితమును ముందుకు వెనుకకు త్రిప్పి తండ్రికి మరల నిచ్చివేసెను. ఆ క్షణమున ఆ బాలుని ముఖమున కనబడిన సిగ్గు వానిది కాదు, మనదే. న్యాయస్థానము తెలుగున మాటలాడు దినము రావలెను, దానికై పోరాడవలెను. ఆ దినము వచ్చువఱకు ఆ బాలుని నిరాయుధునిగ నిలబెట్టుట దేశభక్తి యనిపించుకొనదు. మఱియు, ఇంగ్లీషు చక్కగా వచ్చినవాడే దానికి లొంగక దానిని వాడుకొనగలడు. వీరేశలింగము పంతులుగారు గోల్డ్‌స్మిత్ నవలను చదివి, 1878లో రాజశేఖర చరిత్రమును రచించి తెలుగునకు నవలను తెచ్చిపెట్టిరి. రాని భాషకే మనుష్యుడు దాసుడగును.

కావున మా కోరికలు ఇవి. ఏలూరు జిల్లాకు ఇంగ్లీషు బోధనాకేంద్ర మొకటి కావలెను. దాని శాఖ జంగారెడ్డిగూడెమున నుండవలెను, ఏలయన ఏజెన్సీ మండలముల ఉపాధ్యాయులకు దగ్గఱి పట్టణము ఇదియే. వేసవిలో అయిదుదినముల ఉత్సవమునకు బదులు, ఏడాది పొడుగున నెలకు రెండు పూటలు ఉపాధ్యాయులు కూడవలెను. ఒకరు తన బిడ్డలకే పాఠము చెప్పవలెను. తక్కినవారు చూచి ముచ్చటింపవలెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి యుపాధ్యాయునికి ఏటేట 50 గంటల శిక్షణ కావలెనన్నది. ఆ గంటలను ఇట్లు వినియోగింపవచ్చును. అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయు నొకనిని కొన్ని పాఠశాలలకు సహాయకునిగ నియమింపవలెను. అతడు తనిఖీదారు కారాదు. తప్పులను పైకి వ్రాసి పంపరాదు. పరీక్షలో వినుట, మాటలాడుట అను వానికిని మార్కులుండవలెను. లేనిచో వానిని ఎవరును నేర్పరు. ఉపాధ్యాయునకు ఇంగ్లీషున చదువుటకు పుస్తకములు, మాటలాడుటకు తోడు, ఆలోచించుటకు తీరిక కావలెను. జనగణన, ఎన్నికలు, విపత్తులు తప్ప అన్యకార్యములకు ఉపాధ్యాయులను పంపరాదని విద్యాహక్కు చట్టపు 27వ విభాగము స్పష్టముగా చెప్పుచున్నది. ఆ చట్టమును అమలుపఱచుటయే సగము శిక్షణ.

పురజనులకును ఒక మాట. అన్నింటికి ప్రభుత్వమువైపు చేతులు చాచి కూర్చుండుట స్వరాజ్యమున పుట్టినవారికి తగదు. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినవారు సర్కారు నడిగి నెలకొల్పలేదు. అంత గొప్ప పని మన వలన కాకపోవచ్చును. మన పఠనమందిరమున ఆదివారము సాయంకాలము ఒక గది ఖాళీగానే యున్నది. ఇరుగుపొరుగు బడుల ఇంగ్లీషు ఉపాధ్యాయులను అటకు పిలుతము. వారికి పత్రికలు, పుస్తకములు, ఒక నల్లబల్ల, తేనీరు సమకూర్తము. ఎవరు ఏ పాఠము ఎట్లు చెప్పిరో వారిలో వారు చెప్పుకొందురు. మనవంటి వారము నోరు మూసికొని విందము. బిడ్డల మార్కుల నడుగుటకు బడికి పోవు తల్లిదండ్రులు ఇకమీదట మఱియొక ప్రశ్నయు నడుగవలెను: 'అయ్యా, మా వాడు ఈ వారము తరగతిలో ఇంగ్లీషున ఎన్నిసార్లు నోరు తెఱచినాడు?' ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల ఉపాధ్యాయుని తయారుచేయు భారము ప్రభుత్వముది. అడుగు భారము మనది.